పందొమ్మిది రోజుల నడక, పూర్తిగా తొలగింపు

రెండు వందల పద్నాలుగు కాగితాలు. ఒక్కో కాగితం మీద ఒక్కో కోత. కింద కుడివైపు మూలన ‘రచయిత సంతకం’ అని ఒక గడి.

ఆరు సంపుటాల నవలని మూడు గంటల సినిమాలో ఇరికించాలంటే ఏవో కొన్ని పోక తప్పదు. ఏది పోవాలన్నా రాసిన మనిషి ఒప్పుకుని సంతకం పెట్టాలి. పెట్టకపోతే అది సినిమాలో ఉండి తీరాలి. ఒప్పందంలో ఈ షరతు రాయించింది రచయిత్రి కాదు, ఆమె భర్త. నిర్మాతల తరఫు లాయరమ్మతో పదకొండు రోజులు పోట్లాడి మరీ రాయించాడు. అంతటితో ఊరుకోక, నవలలో ఏ భాగం ఎవరు రాస్తే, ఏ బొమ్మ ఎవరు గీస్తే వాళ్ళ సంతకమే చెల్లుతుందని ఇంకో ముక్క కూడా చేర్పించాడు. నవల ముందు పేజీల్లో ఉన్న రాజ్యాల పటాలు గీసింది తనే కాబట్టి, వాటి మీద ఎవడూ చెయ్యి వెయ్యకుండా ఈ జాగ్రత్త. ఇంతా చేసి ఇప్పుడు భార్య పక్కన కుర్చీ వేసుక్కూచుని, ఆమె ఒక్కో కాగితం మీదా సంతకం గీకుతుంటే పళ్ళు నూరుతున్నాడు.

ఆయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ సర్వేయరు. గొలుసు పట్టుకుని కొండలూ గుట్టలూ పొలాలూ కొలిచాడు. రిటైరయ్యాడు గాని కొలవడం మానలేదు. సినిమా ఆఫీసులో ఆయన్ని వెనకాల ‘కొలబద్ద’ అంటారు. ఆ సంగతి మొదటిరోజే ఆయన చెవిన పడింది, ఎందుకంటే దర్శకుడికి గుసగుసలాడటం చేతకాదు.

ఆఫీసు మూడో అంతస్తులో. పొడుగాటి బల్ల, గోడల నిండా కోటల బొమ్మలు, కిటికీ అవతల టైర్ల దుకాణం. ఏసీలోంచి నీళ్ళు కారి కింద పెట్టిన బకెట్లో పడుతుంటాయి. బల్లకి ఆ పక్క దర్శకుడు, లాయరమ్మ. ఈ పక్క మొగుడూ పెళ్ళాలు. లాయరమ్మ కోత చదువుతుంది, రచయిత్రి సంతకం పెడుతుంది, ఆ రెండింటికీ మధ్య ఆయన యుద్ధం చేస్తాడు.

పన్నెండో కాగితం దగ్గరే మొదలైంది.

“సైన్యం వంటశాల, పూర్తిగా తొలగింపు,” అని చదివింది లాయరమ్మ.

“నలభై వేలమంది సైన్యం,” అన్నాడాయన. “గాలి తిని కొట్టుకుంటారా?”

“సార్, సైన్యం ఏం తిన్నదని ప్రేక్షకుడు అడగడు,” అన్నాడు దర్శకుడు.

“నేను అడుగుతాను.”

“మీరు టికెట్ కొనరు కదా సార్. మీకు పాసులిస్తాం.”

రచయిత్రి ఈలోగా సంతకం పెట్టేసింది. ఆయన ఆ కాగితాన్ని చూసిన చూపుకి కాగితం అంటుకోవాలి, అంటుకోలేదు.

ముప్పై ఏడో కాగితంలో ముగ్గురు మాంత్రికుల్ని కలిపి ఒక్కణ్ణి చేశారు. నవలలో వాళ్ళలో ఒకడు ఉత్తరాన చనిపోయిన రోజునే ఇంకొకడు దక్షిణాన రాకుమారికి పెళ్ళి చేయిస్తాడు. “చచ్చినవాడు లేచొచ్చి పెళ్ళి చేయిస్తాడా?” అని ఆయన బల్ల గుద్దాడు. తెల్లకాగితం మీద గీత గీసి, రెండు చోట్లకీ మధ్య గుర్రం మీదైనా ఎన్ని రోజులు పడుతుందో లెక్క వేసి చూపించాడు. దర్శకుడు ఆ లెక్కని శ్రద్ధగా చూసి, దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు.

“నీకు సిగ్గనిపించడం లేదా?” అన్నాడాయన భార్య వైపు తిరిగి, అందరూ వినేట్టుగానే. “రచయితంటే కాస్త పౌరుషం ఉండాలి. నేను రాసింది రాసినట్టు ఉంచితే ఉంచండి, లేకపోతే లేదు అనాలి. నువ్వేమిటి, పోస్ట్‌మాన్ దగ్గర సంతకం పెట్టినట్టు పెట్టేస్తున్నావు?”

“తరవాతది చదవండి,” అంది ఆమె లాయరమ్మతో.

ఆయన కోపం ఈ మాంత్రికుల గురించీ వంటల గురించీ కాదు. మొదటిరోజు కాగితాల కట్ట చేతికి రాగానే చివరిదాకా తిరగేశాడు. నూట నలభై ఒకటో కాగితం దగ్గర చెయ్యి ఆగిపోయింది. ‘నాలుగో సంపుటం. పందొమ్మిది రోజుల నడక. పూర్తిగా తొలగింపు.’ అప్పట్నుంచీ ఆయనకి నిద్ర లేదు, భార్యకి మనశ్శాంతి లేదు. మిగతా కోతలన్నిటి మీదా పడి అరుస్తున్నదల్లా ఆ ఒక్కదానికి ముందు గొంతు సవరించుకోవడమే.

ఆ నడక సంగతి చెప్పాలి. నాలుగో సంపుటంలో కోట కాలిపోతుంది. మిగిలింది రాజుగారి కొడుకులిద్దరే. ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములు. అన్న కాలికి గాయం. వాళ్ళిద్దరూ శత్రువుల కంట పడకుండా ఉప్పు కనుమ దాకా నడవాలి. సరిగ్గా అక్కడ రచయిత్రి ఆగిపోయింది. ఐదు నెలలు ఒక్క పేజీ సాగలేదు. చివరికి, “‘పందొమ్మిది రోజుల తరవాత వాళ్ళు కనుమ చేరారు’ అని ఒక్క వాక్యం రాసి పారేస్తాను,” అంది.

ఆయన ఒంటికాలి మీద లేచాడు. “పందొమ్మిది రోజులంటే మాటలా? నీళ్ళెక్కడ తాగారు? చెప్పులెన్నాళ్ళు ఆగుతాయి? గాయపడ్డవాడు రోజుకెంత నడుస్తాడు?” అని నిలదీశాడు. అడిగి ఊరుకునే రకం కాదు. అన్న నడవలేకపోతే తమ్ముడు ఎంతసేపు మొయ్యగలడో తేల్చుకోవాలి. ఆమె తమ్ముణ్ణి, అంటే సాక్షాత్తూ తన బావమరిదిని, అరవై రెండు కిలోల మనిషిని, వీపు మీద ఎక్కించుకుని స్కూలు ఆటస్థలం చుట్టూ వాచీ చూసుకుంటూ నడిచాడు. మూడో చుట్టులో నడుం పట్టేసింది. బావమరిది ఇప్పటికీ నలుగురు కూడితే ఆ కథే చెబుతాడు, చెప్పిన ప్రతిసారీ ఒక చుట్టు కలుపుతాడు.

నడుముకి పట్టీ వేసుకుని మంచం మీద పడుకుని, సర్వే నోటుపుస్తకంలో ఆయన ఆ పందొమ్మిది రోజులూ రాసిచ్చాడు. రోజుకో పేజీ. దూరం ఇంత, నీళ్ళు ఇక్కడ, ఎండ ఎలా ఉంది, ఎవరి కాలు ఎలా ఉంది, ఎవరేమన్నారు. చాలా రోజులకి ‘మాటలు లేవు’ అని. ఆమె చదివింది. బాగుందనలేదు, బాగాలేదనలేదు. ఆ పేజీలు అలాగే అచ్చుకి పోయాయి. పుస్తకం వచ్చాక ఆయన దూరాలన్నీ సరిచూసుకున్నాడు. ఎక్కడా అచ్చుతప్పు లేదు. తృప్తిగా మూసి అలమరలో పెట్టాడు. తను ఏదో రాశానని ఆయన ఏనాడూ అనుకోలేదు. లెక్క కట్టి ఇచ్చాను, భార్యకి తీరిక లేక అలాగే వేసేసింది అనుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా అదే అనుకుంటున్నాడు.

రెండోరోజు సాయంత్రం ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర, ఆయన గొంతు కాస్త తగ్గించాడు.

“రేపు నూట నలభై ఒకటి వస్తుంది.”

“వస్తే రానీండి.”

“దాని మీద పెట్టకు. మిగతా డెబ్భై మూడూ కళ్ళు మూసుకుని పెట్టుకో, నోరు మెదపను. అదొక్కటీ వద్దు.”

“మీరు నోరు మెదపకుండా ఉంటారా! అది చూడ్డానికైనా పెట్టకుండా ఉండాలి,” అంది ఆమె.

“వెటకారం కాదు. నడక పోయిందనుకో, కోట కాలిపోతుంది, మరుక్షణం కనుమ వస్తుంది. రెండూ పక్కపక్క వీధులనుకుంటారు జనం. బస్సెక్కి వచ్చారనుకుంటారు. నాలుగేళ్ళు కష్టపడి వేసిన దూరాలన్నీ గంగపాలు.”

ఆమె తినడం ఆపి ఆయన మొహంలోకి చూసింది. “దూరాల కోసమేనా ఇదంతా?”

“మరింక దేనికి?”

ఆమె లేచి, ఆయన ఇంకా తింటుండగానే ఆయన ముందున్న పళ్ళెం తీసుకెళ్ళి సింకులో పడేసింది. ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఈ మనిషికి పొగరెక్కింది, సినిమావాళ్ళని చూసి నెత్తికెక్కింది అనుకున్నాడు. ఆ రాత్రి ఇద్దరూ చెరో గోడవైపూ తిరిగి పడుకున్నారు.

మూడోరోజు పన్నెండు కావస్తుండగా లాయరమ్మ గొంతు సవరించుకుంది. “నూట నలభై ఒకటి. పందొమ్మిది రోజుల నడక, పూర్తిగా...”

ఆయన అరచెయ్యి కాగితం మీద పడింది.

“పెట్టనివ్వను,” అన్నాడు. “చూడు నాయనా దర్శకుడూ, నువ్వు మూడో అంతస్తుకి కూడా లిఫ్టులో వచ్చే మనిషివి. నడకంటే ఏమిటో నీకేం తెలుసు? వంటశాల పీకేశావు, ఊరుకున్నాను. మాంత్రికుల్ని మింగేశావు, ఊరుకున్నాను...”

“ఎక్కడ ఊరుకున్నారు సార్?”

“...ఇది మాత్రం పీకడం నీ తరం కాదు. నువ్వు కాదు, నిన్ను పుట్టించినవాడు దిగొచ్చినా కాదు.”

దర్శకుడు ఎప్పటిలా మాటకి మాట అంటించలేదు. రచయిత్రి వైపు చూశాడు, తరవాత బల్ల వైపు చూశాడు.

“సార్, ఆ కోత మాది కాదు,” అన్నాడు.

“మీది కాకపోతే గాలికి ఎగిరొచ్చిందా?”

“మేం దానికి పదకొండు నిమిషాలు పెట్టుకున్నాం. అసలు నేనీ సినిమా ఒప్పుకున్నదే ఆ నడక కోసం. మేడమే వద్దన్నారు. రెండుసార్లు ఉత్తరం రాశారు. లాయరమ్మగారి ఫైల్లో ఉంది, చూసుకోండి.”

లాయరమ్మ ఫైలు తెరవబోయింది. ఆయన అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపాడు. భార్య వైపు తిరిగాడు.

“నువ్వా?”

“నేనే.”

“నేనిక్కడ మూడు రోజులుగా వీణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతుంటే, పక్కనే కూచుని...”

“మీరు తిడుతున్నది నన్నేనని తెలుసు. అందుకే మాట్లాడలేదు.”

ఆయన ఒళ్ళు భగ్గుమంది. “నా అధ్యాయాన్ని పీకెయ్యమనడానికి నువ్వెవరు? అది రాసింది నేను!”

నా అధ్యాయం. ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో ఆయనకే తెలియలేదు. దర్శకుడు నోరు తెరిచి రచయిత్రినే చూస్తున్నాడు.

“నిజమే,” అంది ఆమె. “ఆయనే రాశారు. నేను అక్షరం మార్చలేదు.”

లాయరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. లాయర్లకి ఇలాంటివి భోజనంతో సమానం. “అలాగైతే ఈ కాగితం మీద మేడం సంతకం చెల్లదు. ఏ భాగం ఎవరు రాస్తే వాళ్ళదే కావాలి. ఆ ముక్క చేర్పించింది మీరే సార్. ఇది ఉండాలో పోవాలో ఇక మీ చేతిలో ఉంది.”

“ఇంకేం,” అన్నాడాయన. “పెట్టను. ఉంటుంది.”

గెలిచాడు. కాగితం పక్కకి నెట్టి, లేచి వెళ్ళి ఒక గ్లాసెడు మంచినీళ్ళు తాగి ఉంటే ఆ నడక సినిమాలో ఉండేది. కానీ ఆయనకి గెలవడంతో కడుపు నిండదు. ఎదుటివాళ్ళు ఎందుకు ఓడారో కూడా వాళ్ళ నోటితోనే వినాలి.

“ఎందుకు వద్దన్నావో చెప్పు. నలుగురిలో చెప్పు.”

“చెబుతాను,” అంది ఆమె. కలం మూత పెట్టి బల్ల మీద పెట్టింది. “ఆరు సంపుటాలు రాశాను. నాలుగు వేల పేజీలు. ఎక్కడికెళ్ళినా జనం ఆ పందొమ్మిది పేజీల గురించే అడుగుతారు. సభకి పిలిస్తే అవే చదవమంటారు. పెద్దాయన ఒకాయన నా చెయ్యి పట్టుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఆ చెప్పుల సంగతి చదివాక, పదిహేనేళ్ళ తరవాత తమ్ముడి ఇంటికి వెళ్ళాడట. ఉత్తరాలు వస్తే పదింట ఎనిమిది దాని గురించే. ‘ఎలా రాశారమ్మా’ అంటారు. ‘ఏదో అలా వచ్చింది’ అంటాను. ఇరవై రెండేళ్ళుగా అలా వచ్చింది, అలా వచ్చింది అని పళ్ళికిలిస్తున్నాను. ఇప్పుడు సినిమా వస్తే లోకమంతా అడుగుతుంది. ఇక నావల్ల కాదు.”

“నాకెప్పుడూ చెప్పలేదే!”

“చెప్పలేదు. కుళ్ళు. కడుపు రగిలిపోయేది. చెబితే నువ్వు ఇంకోటి రాస్తావని భయం.”

పెళ్ళయిన ముప్పై ఏడేళ్ళలో ఆమె ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. ఆయన అది గమనించలేదు.

ఆయనకి కోపం రావాలి. ఇరవై రెండేళ్ళు నోరు కుట్టుకుని మెప్పంతా తనే మూటగట్టుకున్న మనిషి మీద అరవాలి. అరుద్దామనే నోరు తెరిచాడు. కానీ వచ్చిన మాట వేరు.

“ఏ చెప్పుల సంగతి?”

ఆమె జవాబు చెప్పేలోగా దర్శకుడు అందుకున్నాడు. కళ్ళు మూసుకుని అప్పజెప్పాడు. “పదకొండో రోజు. దూరం ఆరు క్రోసులు. నీళ్ళు లేవు. అన్న చెప్పు తెగింది. తమ్ముడు తన చెప్పులు విప్పి అన్న పక్కన పెట్టి, ముందు నడిచాడు. అన్న తొడుక్కున్నాడు. మాటలు లేవు.” మధ్యలో ఒక రోజు వదిలేశాడు. “పదమూడో రోజు. దూరం రెండు క్రోసులు. అన్న తమ్ముడి పాదాలు చూశాడు. కాలు నొప్పిగా ఉందని చెప్పి, రోజంతా నెమ్మదిగా నడిచాడు. నిజానికి నొప్పి తగ్గి నాలుగు రోజులైంది.”

అది తనే రాశాడు. ఎందుకు రాశాడో కూడా గుర్తుంది. పదమూడో రోజు లెక్కలో రెండు క్రోసులే వచ్చింది, దానికి కారణం చూపించాలి. అంతే. ఆ కారణమే ఇంకో మనిషి నోట వింటుంటే లెక్కలా లేదు. నలభై ఏళ్ళు గొలుసు లాగి ఎన్ని పటాలు గీశాడో, ఒక్కటి చూసి ఎవరూ ఏడ్చిన పాపాన పోలేదు. ఆయన కుర్చీలో కాస్త నిటారుగా కూచున్నాడు. చొక్కా కాలరు సర్దుకున్నాడు.

“ఇంకా ఏమంటారు జనం?” అన్నాడు, భార్య వైపు కాస్త వంగి.

ఆమె ఆయన మొహాన్ని పరీక్షగా చూసింది. ఆ మొహం ఆమెకి బాగా తెలిసిన మొహమే. మొదటి సంపుటం వచ్చిన కొత్తలో అద్దంలో రోజూ చూసేది.

“అవన్నీ తరవాత,” అంది. మళ్ళీ మీరులోకి వచ్చేసింది. “మీరు ఆ భాగానికి రచయిత. దాన్ని ఎలా తీయబోతున్నారో తెలుసుకోవద్దా? దర్శకుడుగారూ, చెప్పండి.”

దర్శకుడికి ప్రాణం లేచొచ్చింది. పదకొండు నిమిషాలు దక్కేట్టున్నాయి మరి. కుర్చీలోంచి లేచి, చేతులతో తెర కట్టి చూపించడం మొదలెట్టాడు.

“కోట కాలుతుంటుంది సార్. ఆ మంటల్లోంచి రెండు గుర్రాలు...”

“గుర్రాలా?”

“నడుస్తూ పోతే పదకొండు నిమిషాలు జనం కూచోరు సార్. నడక అనే మాట మాత్రం ఉంచాం. అన్న అంటాడు, ‘ఈ నడక ఎప్పటికి ముగుస్తుంది తమ్ముడూ’ అని.”

“గుర్రం మీద కూచునా?”

“గుర్రం దిగాక. ఆరు రోజులు చేశాం. పందొమ్మిది మరీ పొడుగు. మధ్యలో జలపాతం...”

“ఆ దారిలో నీళ్ళే లేవు! నీళ్ళు లేకపోవడమే కదా మొత్తం సంగతి!”

“చూడ్డానికి బావుంటుంది సార్. జలపాతం దగ్గర ఇద్దరూ కలిసి చిన్నప్పటి పాట పాడుకుంటారు.”

“వాళ్ళకి మాటల్లేవు, పాట పాడతారా?”

“భావం అదే సార్.”

ఆయన మెడ మీద నరం లేచింది. రచయిత్రి కలాన్ని వేలితో అటూ ఇటూ దొర్లిస్తూ కూచుంది. “ఆ చెప్పుల దగ్గర ఏం చేశారో కూడా చెప్పండి,” అంది మెల్లగా.

దర్శకుడు కాస్త తటపటాయించాడు. “చెప్పులు తెర మీద అంతగా పండవు సార్. పైగా హీరోగారు పాదాలు చూపించడానికి ఒప్పుకోలేదు. అందుకని తమ్ముడు తన కత్తి ఇస్తాడు. అన్న దాన్ని తీసుకుని ఆకాశం వైపు ఎత్తుతాడు. సంగీతం.”

“కత్తి ఇస్తే కాలికేమొస్తుంది?”

“కాలికేం రాదు సార్. త్యాగం వస్తుంది.”

“నేను రాసింది రాసినట్టు తియ్యి.”

“అది కుదరదు సార్. ఉంచాలనే ఉంది ఒప్పందంలో, ఎలా ఉంచాలో లేదు. కావాలంటే లాయరమ్మగారిని అడగండి.” లాయరమ్మ తల ఊపింది. నిజంగానే లేదు.

“రాసింది రాసినట్టు తీస్తే తియ్యి. లేకపోతే అసలు వద్దు!”

“సార్, సార్, కూచోండి. గుర్రాలు తీసేస్తాను. నడిపిస్తాను ఇద్దర్నీ. జలపాతం గురించి ఆలోచిద్దాం. చెప్పుల విషయం హీరోగారితో ఇంకోసారి మాట్లాడతాను, ఒక వారం టైమివ్వండి...”

నిన్నటి మనిషైతే ఈ మాట పట్టుకునేవాడు. నిన్నటి మనిషికి నడక ఉంటే చాలు, దూరం తెలిస్తే చాలు. ఈ మనిషి పావుగంట కిందట రచయిత అయ్యాడు. రచయితలకుండే రోగాలన్నీ ఒక్కసారే అంటుకున్నాయి.

“నీ దయాదాక్షిణ్యాలు నాకక్కర్లేదు,” అన్నాడు. “నా పదకొండో రోజు మీద నువ్వు చెయ్యి వెయ్యకు. కత్తి అట, కత్తి!”

చెయ్యి చాపాడు. భార్య అప్పటికే కలం మూత తీసి పట్టుకుని ఉంది. కాగితం కూడా ఆయన వైపు తిప్పి పెట్టి ఉంది. ‘రచయిత సంతకం’ అన్న గడిలో ఆయన పొడి అక్షరాలు వెయ్యలేదు. పూర్తి పేరు రాశాడు, గడి దాటి బయటికి వచ్చేంత పెద్దగా. కింద గీత గీశాడు. తారీఖు వేశాడు. జీవితంలో అంత అందమైన సంతకం ఆయన ఎప్పుడూ పెట్టలేదు.

దర్శకుడు రెండు చేతులతో తల పట్టుకుని కూలబడ్డాడు. లాయరమ్మ కాగితం లాక్కుని ఫైల్లో పెట్టింది.

“నూట నలభై రెండు,” అంది. “రాణిగారి చెల్లెలు, పూర్తిగా తొలగింపు.”

రచయిత్రి సంతకం పెట్టింది. తరవాతది పెట్టింది. ఆ తరవాతదీ పెట్టింది. అడ్డు తగిలేవాడు లేడు కాబట్టి పని చకచకా సాగింది. ఆయన ఛాతీ విరుచుకుని కూచున్నాడు కాసేపు. పౌరుషం అంటే ఇదీ, చూసి నేర్చుకో అన్నట్టు భార్య వైపు చూశాడు. ఆమె తలెత్తలేదు. నూట అరవైల్లో ఎక్కడో ఆయన భుజాలు దిగాయి. రెండు వందలు దాటేసరికి ఫైలు వైపే చూస్తున్నాడు.

ఆ నడక రాసింది తనేనని చెప్పే కాగితం లోకంలో ఒకే ఒక్కటుంది. నవల మీద పేరు ఆమెది. సర్వే నోటుపుస్తకం ప్రెస్సులోంచి వెనక్కి రాలేదు, అప్పుడు అడగాలని కూడా తోచలేదు. ఉన్నదల్లా ఇప్పుడు లాయరమ్మ సంచిలోకి వెళ్ళబోతున్న ఈ కాగితం, ఆ నడకని పూర్తిగా తొలగించమని తన చేత్తో, తన పూర్తి పేరుతో రాసిచ్చిన కాగితం. తనని ఎవరూ ఓడించలేదు, బలవంతపెట్టలేదు. ఆమె కలం మూత తీసి పట్టుకుంది, అంతే.

“ఒక్కసారి ఆ నూట నలభై ఒకటి...” అన్నాడు.

“అయిపోయింది సార్,” అంది లాయరమ్మ సంచి జిప్పు లాగుతూ.

మెట్ల దగ్గర భార్యని అందుకున్నాడు. ఆమె చేతిసంచి భుజాన వేసుకుని గబగబా దిగుతోంది. ఆమె మొహంలో సంతోషం లేదు. పీడ వదిలిందన్న నెమ్మది మాత్రం ఉంది. అది చూస్తే ఆయనకి ఆమెని మెట్ల మీంచి తోసెయ్యాలనిపించింది. దాంతోపాటే, ఆమె కాళ్ళావేళ్ళా పడి అయినా ఒక్క సంగతి రాబట్టుకోవాలనిపించింది.

“కావాలనే చేశావు.”

“సంతకం నేను పెట్టలేదు,” అంది.

రెండు మెట్లు దిగాడు. ఉండబట్టలేకపోయాడు.

“ఆ ఉత్తరాలు... ఎక్కడ పెట్టావు?”

“ఎందుకు?”

“చదువుకుంటాను. ఒకసారి చూసి ఇచ్చేస్తాను.”

“లేవు. వచ్చినవాటికి వచ్చినట్టే జవాబు రాసి చించేసేదాన్ని.”

“అన్నీనా? ఒక్కటి కూడా ఉంచలేదా?” ఆయన ఆమె చేతిసంచి పట్టుకున్నాడు. “నా గురించి రాసినవి కదే అవి! ఎవరైనా అలా చేస్తారా?”

ఆమె ఆగి, వెనక్కి తిరిగి, ఆయన్ని కింది నుంచి పై దాకా చూసింది.

“ఇందాక పైన మీరు చేసిందేమిటి?” అంది.

ఆయన గోడకి చెయ్యి ఆన్చి నిలబడిపోయాడు. ఆమె మిగతా మెట్లు దిగి వీధిలోకి వెళ్ళిపోయింది.